కంపెనీ డల్లాస్‌లో, ఉద్యోగి దేవరకొండలో: జీతం ఏ చట్టం కింద?

దేవరకొండలో ఇంట్లో కూర్చుని డల్లాస్ కంపెనీకి పనిచేసే అమ్మాయికి ఏ దేశపు కార్మిక చట్టం వర్తిస్తుంది? డబ్బులు అమెరికా నుంచి వస్తున్నాయి కాబట్టి అక్కడి రూల్సే అని చాలామంది అనుకుంటారు. కంపెనీ వాళ్లలో కూడా కొందరు అలాగే అనుకుని, తమ దేశంలో వాడే ఆఫర్ లెటర్‌నే పేరు మార్చి పంపిస్తారు. నిజానికి పని ఏ నేల మీద జరుగుతుందో ఆ నేల చట్టమే ముందు వర్తిస్తుంది. ఆఫీసు టెక్సాస్‌లో ఉన్నా, మేనేజర్ టొరంటోలో ఉన్నా, ల్యాప్‌టాప్ తెరిచేది నల్లగొండ జిల్లాలో అయితే సెలవులు, నోటీసు, పీఎఫ్, గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిశాక కంపెనీ ఇచ్చే ఏకమొత్తం), పన్ను కోత అన్నీ భారత చట్టాల ప్రకారం నడవాలి. వాటిలో కొన్ని తెలంగాణ సొంత చట్టాలు. "ఈ ఒప్పందానికి డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది" అని కాంట్రాక్టులో రాసుకున్నంత మాత్రాన ఇక్కడి చట్టం ఇచ్చిన కనీస హక్కులు పోవు.

ఈ ప్రశ్న ఇప్పుడు హైదరాబాద్ దాటి జిల్లాలకు వచ్చింది. కరోనా తర్వాత ఇంటి నుంచి పని అలవాటైంది. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబర్‌లో నల్లగొండలో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు నుంచి అమెరికా వెళ్లి చిన్న కన్సల్టెన్సీ పెట్టుకున్నవాళ్లు సొంత జిల్లాలో ఐదుగురినో పదిమందినో పెట్టి పని చేయించుకోవాలని అనుకోవడం సహజం. మన ఊరి పిల్లలకు మేలు జరగాలన్న కోరిక అందులో నిజంగానే ఉంటుంది. కానీ పేరోల్, అంటే జీతాల లెక్క, సరిగా లేకపోతే నష్టపోయేది ఆ పిల్లలే. ఆ నష్టం మొదటి నెలలో కనపడదు. ఉద్యోగం పోయిన రోజునో, కాన్పు సెలవు అడిగిన రోజునో, ఇంటి లోన్ కోసం బ్యాంకుకు వెళ్లిన రోజునో బయటపడుతుంది.

యజమాని పేరు ఎవరిది?

ఆఫర్ వచ్చిన వెంటనే అందరూ ప్యాకేజీ ఎంత అని చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది, చట్టం ముందు యజమానిగా ఎవరి పేరు ఉందన్నది. విదేశీ కంపెనీ ఇక్కడి మనిషిని పనిలో పెట్టుకోవడానికి వాడుకలో మూడు దారులున్నాయి. ఒక్కో దారిలో ఉద్యోగికి దొరికే రక్షణ వేరు.

మొదటిది ఇండియాలో సొంతంగా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టడం. 2013 కంపెనీల చట్టం ప్రకారం కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు ఉండాలి. డైరెక్టర్లలో ఒకరైనా ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉన్నవారై ఉండాలి. అందుకే ఎన్నారైలు తరచుగా ఊళ్లో ఉన్న తమ్ముడినో బావమరిదినో డైరెక్టర్‌గా పెడతారు. ఆ తమ్ముడికి ఒక మాట ముందే చెప్పాలి. పీఎఫ్ కట్టకపోయినా, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి జమ చేయకపోయినా మొదటి నోటీసు వచ్చేది ఊళ్లో ఉన్న డైరెక్టర్ ఇంటికే. కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడే పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) నంబర్లు కూడా వచ్చేస్తాయి. నంబర్ వచ్చింది కదా అని వెంటనే చందా కట్టాలని కాదు. పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది ఉద్యోగులు చేరినప్పటి నుంచి అది తప్పనిసరి అవుతుంది.

రెండోది ఈమధ్య బాగా పెరిగిన దారి, ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్. పొట్టిగా ఈఓఆర్ అంటున్నారు. ఇండియాలో రిజిస్టర్ అయిన ఒక కంపెనీ ఆ ఉద్యోగిని తన పేరోల్ మీద పెట్టుకుంటుంది. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్, పీఎఫ్, టీడీఎస్ అన్నీ దాని పేరు మీదే ఉంటాయి. రోజూ పని చెప్పేది, వద్దనుకుంటే తీసేయమని చెప్పేది మాత్రం విదేశీ కంపెనీ. నెల నెలా జీతం ఖర్చు మీద ఫీజు కలిపి ఈఓఆర్ ఇన్వాయిస్ పంపుతుంది, విదేశీ కంపెనీ డాలర్లలో కడుతుంది.

పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్, శ్రీశైలం కాలం నుంచి దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టిన పాలమూరు లేబర్‌కు పని కంపెనీది, కూలి మాత్రం గుంపు మేస్త్రీ చేతి మీదుగా వచ్చేది. అడ్వాన్స్ ఇచ్చేది మేస్త్రీ, లెక్క రాసేది మేస్త్రీ. లెక్కలో తేడా వస్తే కంపెనీ తనకు మేస్త్రీతోనే సంబంధం అనేది. ఇలాంటి అన్యాయాలకు అడ్డుకట్ట వేయడానికే 1970లో కాంట్రాక్ట్ లేబర్ చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. వాటిలో గట్టి పాయింట్ "ప్రధాన యజమాని" బాధ్యత. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే, అసలు పని చేయించుకున్నవాడు కట్టాలి. కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఈ సూత్రం కొనసాగింది. ఈఓఆర్ ఏర్పాటులో చిక్కు ఇక్కడే వస్తుంది: పని చేయించుకున్నవాడు సముద్రం అవతల ఉంటాడు. నల్లగొండ నుంచి ఒక ఉద్యోగి రెండు నెలల జీతం కోసం టెక్సాస్ కోర్టుకు వెళ్లడం అయ్యే పని కాదు. కాబట్టి మధ్యలో ఉన్న ఇండియా కంపెనీ ఎంత గట్టిదో, ఒప్పందంలో ఏం రాసిందో అదే ఉద్యోగికి దిక్కు.

అందుకని ఈఓఆర్ ద్వారా చేరేవాళ్లు హెచ్‌ఆర్‌ను తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. విదేశీ కంపెనీ ఇన్వాయిస్ కట్టకపోయినా నా జీతం నెల నెలా పడుతుందా? చట్టం ప్రకారం పడాలి, ఎందుకంటే కాగితం మీద యజమాని ఈఓఆరే. కానీ కొన్ని ఒప్పందాలలో "క్లయింట్ నుంచి సొమ్ము అందాకే" అన్న మాట చిన్న అక్షరాలలో దూరుస్తారు. ఆ మాట ఉంటే తీసేయమని అడగాలి. అడిగితే ఆఫర్ పోతుందేమో అన్న టెన్షన్ అర్థం చేసుకోదగిందే. కానీ నమ్మకమైన కంపెనీ ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోదు.

పే స్లిప్‌లో ఇంకో చిన్న గుర్తు చూడొచ్చు. వృత్తి పన్ను ఏ రాష్ట్రం పేరు మీద కోశారు? ఈఓఆర్ ఆఫీసు బెంగళూరులో ఉంటే అలవాటుగా కర్ణాటక లెక్కలో వేసేస్తుంటారు. తెలంగాణలో నెల జీతం 15,000 వరకు వృత్తి పన్ను లేదు, 20,000 వరకు 150 రూపాయలు, ఆపైన 200. తేడా పది రూపాయలో వందో కావచ్చు, అది పెద్ద విషయం కాదు. కానీ ఉద్యోగి ఏ రాష్ట్రంలో పనిచేస్తున్నాడని కంపెనీ రికార్డులో ఉందో ఆ వరుస చెబుతుంది. సెలవులు, నోటీసు విషయంలో రేపు వాదన వస్తే ఆ రికార్డు పనికొస్తుంది.

"మీరు ఫ్రీలాన్సర్" అన్నప్పుడు

మూడో దారి అన్నిటికంటే తేలికైనది, అందుకే ఎక్కువమంది వాడుతున్నారు. నెలకు ఇన్ని డాలర్లు, మిగతావి మీరే చూసుకోండి అని ఒక కాంట్రాక్టర్ ఒప్పందం పంపుతారు. అమెరికా కంపెనీ అయితే డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపమంటుంది. పని మొత్తం అమెరికా బయటే జరుగుతోంది కాబట్టి అక్కడ పన్ను కోయరు. డబ్బు బ్యాంకులో పడుతుంది. పీఎఫ్ లేదు, సెలవు జీతం లేదు, గ్రాట్యుటీ లేదు.

నిజంగా నలుగురు క్లయింట్లకు పనిచేస్తూ, తన టైము తాను నిర్ణయించుకునేవారికి ఇది న్యాయమైన పద్ధతే. కానీ రోజూ సాయంత్రం ఆరున్నరకు లాగిన్ కావాలి, సెలవుకు మేనేజర్ ఒప్పుకోవాలి, ఇంకో చోట పని చేయకూడదు అంటే అది ఉద్యోగమే. కాగితం మీద కాంట్రాక్టర్ అని రాసినంత మాత్రాన చట్టం చేతులు ముడుచుకోదు. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1956లోనే ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో చెప్పింది. ఆ కేసు సౌరాష్ట్రలో ఉప్పు పండించే అగరియాలది. వాళ్లకు నెల జీతం లేదు, మణుగుకు ఇంత అని లెక్క. పని గంటలు లేవు, సాయానికి మనుషులను పెట్టుకునే వీలు కూడా ఉంది. అయినా ఉప్పు మడి ఎలా చేయాలి, ఎప్పుడు ఏం చేయాలి అన్నది కంపెనీ పర్యవేక్షణలోనే జరుగుతోంది కాబట్టి వాళ్లు కార్మికులే అని కోర్టు తేల్చింది. పని ఎలా జరగాలో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఆ పరీక్ష సారం. స్లాక్‌లో నిమిష నిమిషానికి ఆదేశాలు ఇచ్చే మేనేజర్ ఉన్న "ఫ్రీలాన్సర్" పరిస్థితి ఆ అగరియాల కంటే ఉద్యోగానికే దగ్గర.

ఈ దారిలో చేతికి వచ్చే మొత్తం పెద్దగా కనిపిస్తుంది, పన్ను కూడా తక్కువ పడొచ్చు. కొన్ని వృత్తులవారికి ప్రిజంప్టివ్ పద్ధతిలో వచ్చిన దాంట్లో సగాన్నే ఆదాయంగా చూపే వీలుంది. కానీ ముందస్తు పన్ను ఎవరికి వారే కట్టుకోవాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. విదేశాలకు చేసిన సేవ ఎగుమతి కిందికి వస్తుంది కాబట్టి, ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే పన్ను సున్నా. ఆ పత్రం ఏటా వేయాలి, డబ్బు విదేశాల నుంచే వచ్చిందని బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం దాచుకోవాలి. ఇవన్నీ చూసే ఆడిటర్ ఫీజు కూడా ఆ డాలర్లలోంచే పోతుంది. తెలంగాణ చట్టం ప్రకారం ఉద్యోగికి దక్కే సెలవుల విలువ కలిపితే, కాంట్రాక్టర్ ఏటా నెల జీతం పైమాటే వదులుకుంటున్నట్టు లెక్క. ఉద్యోగి జీతమూ కాంట్రాక్టర్ ఫీజూ ఒకటే అంకె అయితే, కాంట్రాక్టర్ నష్టపోతున్నట్టే.

అరవై వేల ప్యాకేజీ ఎలా విడిపోతుంది

నెలకు 60,000 రూపాయల సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అన్నారనుకుందాం. అందులో బేసిక్ 30,000 పెట్టారు. కంపెనీ వంతు పీఎఫ్‌ను 15,000 పరిమితి మీదే లెక్కకడితే 12 శాతం, అంటే 1,800. బీమాకు అర శాతం, నిర్వహణ ఛార్జీలకు అర శాతం కలిపి ఇంకో 150. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది, 30,000ను 26తో భాగించి 15తో హెచ్చించి 12 నెలలకు పంచితే, 1,442. ఈ మూడూ సీటీసీలో ఉంటాయి కానీ జీతంలో రావు. మిగిలిన గ్రాస్ 56,608. దాంట్లోంచి ఉద్యోగి వంతు పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 54,608. ఆదాయపు పన్ను ఇక్కడ సున్నా. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు పన్ను పడదు, ఉద్యోగులకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ అదనం. కాబట్టి పన్నెండు లక్షల డెబ్భై అయిదు వేల జీతం వరకు టీడీఎస్ కోయాల్సిన అవసరం రాదు.

అదే 60,000కు పీఎఫ్‌ను పూర్తి బేసిక్ మీద కడితే చేతికి వచ్చేది 50,933కు దిగుతుంది. చూడగానే నష్టంలా ఉంటుంది. కానీ తగ్గింది 3,675 అయితే పీఎఫ్ ఖాతాలో నెలకు 3,600 పెరుగుతుంది. మిగిలిన 75 నిర్వహణ ఛార్జీ. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఊళ్లో అప్పు తీర్చాల్సిన అవసరం ఉన్నవారికి మొదటి పద్ధతి నయం, పొదుపు అలవాటు లేనివారికి రెండోది. ఏది ఎంచుకున్నా ఉద్యోగి తెలిసి ఎంచుకోవాలి. చాలా కంపెనీలు అడగకుండానే ఏదో ఒకటి పెట్టేస్తాయి.

పెన్షన్ పథకంలో ఉన్నవారికి కంపెనీ వంతు 1,800లో 1,250 దానికే పోతుందని, పీఎఫ్ బ్యాలెన్స్‌లో పడేది 550 మాత్రమేనని కూడా గుర్తుంచుకోవాలి. పాస్‌బుక్ చూసి డబ్బు తక్కువ పడిందని కంగారుపడేవాళ్లు చాలామంది. అసలు కంగారుపడాల్సింది పే స్లిప్‌లో కోత ఉండి పాస్‌బుక్‌లో ఎంట్రీయే లేనప్పుడు. ఈ నెల పీఎఫ్ వచ్చే నెల 15లోగా కట్టాలి. రెండు నెలలు ఎంట్రీ పడకపోతే ఊరుకోకూడదు. ఉద్యోగి జీతంలోంచి కోసిన సొమ్మును జమ చేయకపోవడం క్రిమినల్ నేరం కిందికి వస్తుంది. నెలకోసారి ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవడం కంటే మంచి కాపలా లేదు.

తక్కువ జీతాల దగ్గర లెక్క మారుతుంది. నెలకు 21,000 లోపు వేతనం ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఉద్యోగి 0.75 శాతం, కంపెనీ 3.25 శాతం. డేటా ఎంట్రీ, మెడికల్ బిల్లింగ్ పనులకు మహబూబ్‌నగర్‌లో తీసుకునే కొత్తవాళ్లలో చాలామంది ఈ పరిధిలోనే ఉంటారు. తల్లిదండ్రులకు కూడా వైద్యం అందే అవకాశం ఉన్న పథకం ఇది. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఇస్తున్నాం కదా అని దీన్ని ఎగ్గొట్టడానికి వీల్లేదు. బోనస్ కూడా ఇంతే. 20 మంది ఉన్న సంస్థలో 21,000 లోపు వేతనం ఉన్నవారికి కనీసం 8.33 శాతం బోనస్ చట్టపరమైన హక్కు. ఫిలిప్పీన్స్‌లో ఉన్నట్టు పదమూడో నెల జీతం మాత్రం ఇక్కడ లేదు.

బేసిక్ ఎందుకు ముఖ్యం

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో జీతాలు తీసుకునేవారి మీద ఎక్కువ ప్రభావం చూపేది వేతనం నిర్వచనం. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), ప్రయాణ భత్యం లాంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కకట్టాలి. ఇంతకుముందు 60,000 జీతంలో బేసిక్ 18,000 మాత్రమే చూపి మిగతాదంతా అలవెన్సుల పేరుతో ఇచ్చే కంపెనీలు చాలా ఉండేవి. గ్రాట్యుటీ దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆరేళ్లు పనిచేస్తే 18,000 బేసిక్ మీద వచ్చేది దాదాపు 62,300. అదే 30,000 మీద 1,03,800. నలభై వేలకు పైగా తేడా ఒక్క బేసిక్ అంకెలోనే ఉంది.

గల్ఫ్‌కు వెళ్లేవారికీ ఇదే చిక్కు. కరీంనగర్, నిజామాబాద్‌లతో పోలిస్తే మన దక్షిణ జిల్లాల నుంచి గల్ఫ్ వలస తక్కువ, పాలమూరు దారి ఎక్కువగా ముంబై, పుణె వైపే సాగింది. అయినా వెళ్లేవాళ్లు ఉన్నారు, వాళ్లకు అక్కడి చట్టమే వర్తిస్తుంది. యూఏఈలో ఉద్యోగం మానేసినప్పుడు మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున బేసిక్ జీతం ఇస్తారు. 1,500 దిర్హాములు అని చెప్పి కాంట్రాక్టులో బేసిక్ 800 రాస్తే, ఏడాదికి 1,050 రావాల్సిన చోట 560 వస్తుంది. ఏజెంట్ నోటితో చెప్పే మొత్తం వేరు, కాగితం మీది బేసిక్ వేరు. దేశం ఏదైనా చూడాల్సింది ఆ రెండో అంకెనే.

కోడ్‌లు తెచ్చిన ఇంకో మంచి మార్పు ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులది. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్లు నిండాలి. ఏడాది, రెండేళ్లు అని గడువు పెట్టి తీసుకున్నవారికి మాత్రం ఇప్పుడు ఏడాది నిండితే చాలు. విదేశీ ప్రాజెక్టుల కోసం గడువు పెట్టి తీసుకునే ఉద్యోగాలే ఎక్కువ కాబట్టి ఇది మన పిల్లలకు నేరుగా పనికొచ్చే హక్కు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం కూడా తప్పనిసరి అయింది. వాట్సాప్‌లో "వెల్‌కమ్ టు ద టీమ్" అన్న మెసేజ్ అపాయింట్‌మెంట్ లెటర్ కాదు.

రాత్రి షిఫ్టు, సెలవులు, తీసివేత

పని గంటలు, సెలవుల విషయంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం తెలంగాణలో చాలాకాలంగా ఆధారం. 240 రోజులు పనిచేసినవారికి ఏడాదికి 15 రోజుల వేతన సెలవు, జబ్బు లాంటి కారణాలకు మరో 12 రోజులు దాని ప్రకారం వస్తాయి. 2025 జులైలో ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు పనిని అనుమతించింది, వారానికి 48 గంటలు మాత్రం దాటకూడదు. దాటితే రెట్టింపు కూలి. అమెరికా టైముకు రాత్రి మూడు దాకా కూర్చుని, మళ్లీ ఉదయం ఇండియా మీటింగ్‌కు రమ్మంటే ఆ గంటలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

ఆడపిల్లలు రాత్రి ఏడు తర్వాత, ఉదయం ఆరుకు ముందు పనిచేయాలంటే వారి సమ్మతి ఉండాలి, భద్రతకు కంపెనీ ఏర్పాట్లు చేయాలి. ఇంటి నుంచి పని అయితే సమస్య తక్కువ. కానీ దివిటిపల్లి లాంటి చోట, ఊరి బయట ఉన్న టవర్ నుంచి తెల్లవారుజామున ఇంటికి చేరడం అంటే బండి కంపెనీయే పెట్టాలి. హైదరాబాద్‌లో లాగా ఫోన్ తీస్తే క్యాబ్ వచ్చే చోటు కాదది. ఈ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే వేసుకోని కంపెనీ అమ్మాయిలను తీసుకోవడమే తగ్గిస్తుంది, అది ఇంకా పెద్ద అన్యాయం. కాన్పు సెలవు విషయంలోనూ ఇదే భయం ఉంది. గత 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన ఉద్యోగినికి 26 వారాల పూర్తి జీతం సెలవు చట్టం ఇచ్చిన హక్కు. అమెరికాలో ప్రైవేట్ కంపెనీలు జీతంతో కూడిన కాన్పు సెలవు ఇవ్వాలని కేంద్ర చట్టం ఏదీ లేదు. అందువల్ల అక్కడి యజమానికి ఈ 26 వారాలు వింతగా తోచవచ్చు. ముందే చెప్పి ఒప్పించడం ఈఓఆర్ పని, ఉద్యోగిని పని కాదు.

అమెరికాలో చాలా ఉద్యోగాలను ఏ కారణం చెప్పకుండా ఆ రోజే ముగించవచ్చు. ఆ అలవాటు ఇక్కడ చెల్లదు. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తీసేయాలంటే తెలంగాణ చట్టం ప్రకారం తగిన కారణం ఉండాలి, కనీసం నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. మేనేజర్ స్థాయి కానివారిని, ఏడాది సర్వీసు దాటాక పని తగ్గిందని తీసేస్తే, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కూడా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ ఐడీ ఆపేసి, సోమవారం కాంట్రాక్టు ముగిసిందని చెప్పడం చట్టం ఒప్పుకునే పద్ధతి కాదు. ఉద్యోగం మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనమంతా రెండు పని రోజుల్లో ఇచ్చేయాలని కొత్త వేతన కోడ్ చెబుతోంది. "ఫుల్ అండ్ ఫైనల్‌కు 45 రోజులు పడుతుంది" అన్న పాత మాటకు ఇప్పుడు ఆధారం లేదు. ఇవ్వకపోతే జిల్లా కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ సొంత ఈమెయిల్‌లో ఉండాలి; కంపెనీ ఈమెయిల్‌లో ఉంటే ఆ శుక్రవారంతోనే పోతాయి.

విదేశీ కంపెనీ వైపు నుంచి చూస్తే

ఈ రూల్స్ అన్నీ యజమానికి భారమే కదా అనిపించవచ్చు. కానీ వాటిని తప్పించుకోబోయి ఎదుర్కొనే చిక్కు అంతకంటే పెద్దది. ఇక్కడ ఉన్న మనిషి కంపెనీ తరఫున క్రమం తప్పకుండా ఒప్పందాలు కుదురుస్తుంటే, ఆ కంపెనీకి ఇండియాలో స్థిర వ్యాపార కేంద్రం ఉన్నట్టు పన్ను శాఖ భావించవచ్చు. అప్పుడు దానికి సంబంధించిన లాభం మీద ఇక్కడ పన్ను కట్టాలి. విదేశీ కంపెనీలకు ఆ రేటు 35 శాతం, పైన సర్‌ఛార్జీ, సెస్సు. కోడ్ రాసే ఉద్యోగి వల్ల ఈ ప్రమాదం తక్కువ, సేల్స్ చూసే ఉద్యోగి వల్ల ఎక్కువ. అందుకే సేల్స్ మనిషిని తీసుకునేటప్పుడు డిజిగ్నేషన్, సంతకం చేసే అధికారం గురించి ఆడిటర్‌తో ముందే మాట్లాడాలి.

ఉద్యోగులకు విదేశీ షేర్లు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఆ షేర్లు చేతికి వచ్చిన రోజు వాటి విలువ జీతం కిందే పన్నుకు వస్తుంది. రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో వాటిని ఏటా చూపాలి. డాలర్లలో ఒప్పందం అయితే ఏ రోజు మారకం రేటు పెడతారో కూడా రాసి ఉండాలి, లేకపోతే ప్రతి నెలా అదో గొడవ.

ఇక సొంత జిల్లాలో ఎనిమిది మందితో చిన్న కంపెనీ పెట్టాలనుకునే ఎన్నారైకి ఒక సూచన. ఇరవై మంది లేరు కాబట్టి పీఎఫ్ తప్పనిసరి కాదు, నిజమే. కానీ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు చట్టంలో ఉంది. 15,000 పరిమితి మీద కంపెనీ వంతు, బీమా, ఛార్జీలు అన్నీ కలిపి ఒక్కొక్కరికి 1,950 రూపాయలు. ఎనిమిది మందికి నెలకు 15,600. డాలర్లలో రెండు వందల లోపే. ఆ ఖర్చుతో ఆ ఎనిమిది మందికి యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్), పెన్షన్ సర్వీసు, ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరిగితే కుటుంబానికి ఏడు లక్షల వరకు బీమా వస్తాయి. కంపెనీ రిజిస్టర్ చేయించే ఆడిటర్‌ను ఆ రోజే అడిగితే, మొదటి జీతం నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.